బీరువా వెనక గోడకే బూజెందుకు?

ఇంగ్లండ్‌లో చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు లెస్టర్, కొవెంట్రీ, బర్మింగ్‌హామ్, తూర్పు లండన్ వంటి చోట్ల అద్దెకు దిగేవి చాలావరకు పాతకాలపు వరుస ఇళ్లు. వీధి పొడవునా ఒకదాని భుజం ఒకటి ఆనుకుని, ఎర్రటి ఇటుక ముఖాలతో ఉంటాయి. నవంబరు దాటి చలి ముదిరేసరికి ఆ ఇళ్ల పడకగదుల్లో ఒక చిక్కుముడి మొదలవుతుంది. గదికి నాలుగు గోడలు, నాలుగింటి మధ్యా తిరిగేది ఒకటే గాలి. అయినా నల్లటి బూజు వీధివైపు గోడకే పడుతుంది. ఆ గోడకైనా నడిమధ్యలో పట్టదు. పైకప్పును కలిసే మూలలోనో, కింద నేలను తాకే అంచునో, అన్నిటికన్నా ఎక్కువగా బీరువా ఆనించిన చోటో పడుతుంది. బీరువాను జరిపితే దాని వెనక అట్ట కొలతకు సరిగ్గా సరిపోయేలా నల్లమచ్చల చట్రం కనబడుతుంది. లోపల తగిలించిన కోటు భుజాల మీద బూడిదరంగు నూగు. ఇంత జరిగినా పక్కింటితో కలిసిన గోడ మాత్రం సున్నం వేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది.

ఓనరుకు ఫిర్యాదు చేస్తే వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే. మీరు రోజూ అన్నం, పప్పు ఉడికిస్తారు, తడిబట్టలు గదిలోనే ఆరేస్తారు, కిటికీలు తీయరు, తప్పు మీదే అంటారు. అద్దెకున్నవాళ్ల అనుమానం వేరు. గోడ కారుతోంది, బయటి వాన లోపలికి దిగుతోంది అంటారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది, ఇద్దరూ కలిపేస్తున్న ప్రశ్నలు మాత్రం రెండు. తేమ ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒకటి. అది అక్కడే ఎందుకు చేరిందన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు జవాబు వంటింట్లో, స్నానాలగదిలో, మనుషుల ఊపిరిలో దొరుకుతుంది. రెండోదానికి జవాబు గోడలోనే ఉంది. చలికాలపు బూజు విషయంలో ఈ రెండో జవాబుకే బరువెక్కువని ఈ వ్యాసం వాదన. తేమను అదుపు చేయక్కర్లేదని దీని అర్థం కాదు. గోడ చల్లదనాన్ని లెక్కలోకి తీసుకోకుండా తేమ మీద చేసే పోరాటం చాలాసార్లు ఓడిపోతుందని.

గాలి ఎంత నీరు మోస్తుంది?

ఘనమీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 10 డిగ్రీలకు చల్లారితే 9 గ్రాములకు కాస్త పైన ఆగిపోతుంది. సున్నా దగ్గర 5 గ్రాములు కూడా మోయలేదు. (గాలి నీటిని ‘మోస్తుంది’ అంటే భౌతికశాస్త్రం చదివినవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఆవిరి ఎంత ఉండగలదన్నది ఉష్ణోగ్రతే తేలుస్తుంది, గాలికి అందులో పాత్ర లేదంటారు. నిజమే. లెక్క మాత్రం మారదు కనుక ఆ మాటనే వాడుకుందాం.) తేమ 60 శాతం అని చిన్న మీటరు చూపిస్తోందంటే, ఆ ఉష్ణోగ్రత దగ్గర మోయగలిగినదానిలో 60 శాతం ఇప్పటికే నిండిందని. 20 డిగ్రీల గదిలో 60 శాతమంటే ఘనమీటరుకు 10 గ్రాముల పైచిలుకు. ఆ గాలి 12 డిగ్రీల వస్తువును తాకిందంటే అక్కడికక్కడ నిండిపోతుంది. వస్తువు అంతకన్నా చల్లగా ఉంటే మిగిలిన ఆవిరి నీరై దాని మీద వాలుతుంది.

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలివైపు బొట్లుబొట్లుగా నీరుంటుంది. మూత కారిందని ఎవరూ అనుకోరు, ఆవిరి కింది నుంచే వచ్చిందని తెలుసు. చలిగోడ విషయంలో మాత్రం ఆ తెలివిడి జారిపోతుంది. నీరు గోడమీద ఉంది కాబట్టి గోడలోంచే వచ్చిందనిపిస్తుంది. ఒక్కోసారి అది నిజం కూడా కావచ్చు. పగిలిన వానగొట్టం, ఊడిన సిమెంటు దర్జు, పైకప్పు పెంకుల కింద సందు ఇవన్నీ గోడను తడుపుతాయి. ఆ తడికి గుర్తులు వేరు. వాన పడ్డాక ఒకటి రెండు రోజుల్లో మచ్చ పెరుగుతుంది, గోధుమరంగు అంచు కడుతుంది, వేసవిలోనూ కనబడుతుంది. నేలనుంచి పైకి పాకే చెమ్మ అయితే సుమారు మీటరు ఎత్తు దాకా ఎక్కి, తెల్లటి ఉప్పు పొడిని వదులుతుంది. గదిలోని ఆవిరి వల్ల వచ్చేది చలికాలంలో వచ్చి ఎండాకాలంలో పోతుంది, మూలల్నీ చాటుల్నీ వెతుక్కుంటుంది. అనుమానం తీరకపోతే అరచేతి వెడల్పు అల్యూమినియం రేకు కాగితాన్ని గోడకు అతికించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒకటి రెండు రోజులు ఉంచి చూడాలి. గదివైపు తడిస్తే ఆవిరి, గోడవైపు తడిస్తే లోపలి చెమ్మ. ఇది పూర్తిగా నమ్మదగ్గ పరీక్షేం కాదు, దారి చూపడానికి చాలు.

నీటిబొట్టు లేకున్నా బూజు

ఇక్కడే చాలామంది పొరపడతారు. గోడ తడిసినట్టు కనబడలేదు, చేత్తో తాకితే పొడిగానే ఉంది, మరి బూజెలా వచ్చిందంటారు. బూజుకు నీటిబొట్టు అక్కర్లేదు. గోడను ఆనుకుని ఉన్న పలచని గాలిపొరలో తేమ 80 శాతం చుట్టుపక్కల రోజుల తరబడి నిలిస్తే చాలు, చాలా రకాల బూజులు మొలకెత్తుతాయి. వాటి బీజాలు ఏ ఇంటి గాలిలోనైనా ఉంటాయి, వాటిని పూర్తిగా తరిమెయ్యడం అయ్యే పని కాదు. తిండి కూడా వాటికి కొదవ లేదు. వాల్‌పేపర్ జిగురు, రంగులోని సేంద్రియ పదార్థం, మన ఒంటినుంచి రాలే చర్మపు పొలుసులు కలిసిన దుమ్ము, ఇవన్నీ ఆహారమే. వెచ్చదనం ఎలాగూ ఉంది. ఇంట్లో బూజుకు లేనిది ఒక్క తడే. కాబట్టి అదుపులో పెట్టగలిగేదీ దాన్నే.

80 శాతం అన్నప్పుడు అది గది నడుమ బల్లమీద పెట్టిన మీటరు చూపే శాతం కాదు, గోడ చర్మం దగ్గరి శాతం. గాలి గోడను సమీపించేకొద్దీ చల్లారుతుంది. ఉన్న ఆవిరి అంతే, మోయగల శక్తి తగ్గుతుంది, కాబట్టి శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 60 శాతం తేమ ఉంటే, 15 డిగ్రీలు దాటి కాస్త పైన ఉన్న గోడ దగ్గరే అది 80 శాతమవుతుంది. నీటిబొట్టు పడాలంటే 12 డిగ్రీలు కావాలి, బూజు పుట్టడానికి 15 చాలు. ఆ మూడు డిగ్రీల సందులోనే పొడిగా కనబడే గోడకు బూజు పడుతుంది. కిటికీ అద్దం కథ దీనికి తలకిందులు. ఒంటి అద్దం గోడకన్నా చల్లగా ఉంటుంది కనుక పొద్దున్నే నీరు ధారలు కడుతుంది. అయినా నున్నటి గాజుమీద తినడానికేమీ లేదు కనుక బూజు చట్రం అంచున, రబ్బరు పట్టీలో, కింది చెక్కమీద చేరుతుంది. అద్దం మీది నీటిని చూసి విసుక్కుంటాం గానీ, నిజానికి అది గదిలో తేమ ఎక్కువైందని చెప్పే ఉచిత మీటరు.

తొమ్మిది అంగుళాల ఇటుక

1920లకు ముందు కట్టిన బ్రిటిష్ ఇళ్లలో చాలావాటికి బయటి గోడ 9 అంగుళాల గట్టి ఇటుకే. ఆ తర్వాత రెండు పలచని గోడల మధ్య ఖాళీ వదిలి కట్టే పద్ధతి మామూలైంది. ఇంకొన్ని దశాబ్దాలకు ఆ ఖాళీని వేడి ఆపే పదార్థంతో నింపడం వచ్చింది. ఏ ఇంటిది ఏ గోడో బయట నిలబడి ఇటుకల వరుసను చూస్తే చాలావరకు తెలుస్తుంది. ప్రతి వరుసలోనూ ఇటుకల పొడవు ముఖాలే కనబడితే మధ్యలో ఖాళీ ఉన్న గోడ. పొడవు ముఖం, పొట్టి ముఖం మార్చిమార్చి కనబడితే ఇటుకను అడ్డంగా గోడలోకి జొప్పించారన్నమాట, అంటే గట్టి గోడ. తేడా ఎంతంటే, గట్టి ఇటుక గోడగుండా పోయే వేడి, బాగా ఇన్సులేషన్ చేసిన కొత్త గోడగుండా పోయేదానికి ఆరేడు రెట్లు.

మూల ఇంకా చల్లగా ఎందుకుంటుంది? లోపలివైపు వేడి అందుకునే చోటు చిన్నది, బయటివైపు వేడి వదిలే ముఖాలు రెండు. పైగా మూలలో గాలి కదలదు. బీరువా చాటున సంగతి మరీ అన్యాయం. గది వేడి గాలి కదలిక ద్వారానూ, ఎదుటి వెచ్చటి వస్తువులు వెదజల్లే వేడి ద్వారానూ గోడను చేరుతుంది. బీరువా రెండు దార్లనూ మూసేస్తుంది. లోపలున్న దుస్తులు గోడకు దక్కాల్సిన వేడిని ఆపుతాయి. మనం గోడకు చలి ఆపే దుప్పటి కప్పామనుకుంటాం, అసలు కప్పింది గదికి. గోడ దుప్పటి బయట చలిలో ఉండిపోయింది. ఆవిరికి మాత్రం బట్టలూ అట్టా అడ్డుకావు, అది తాపీగా వాటిగుండా దూరి వెనక్కి చేరుతుంది.

లెక్క: ఒకే గాలి, నాలుగు తావులు

బయట సున్నా, గదిలో 20 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకుందాం. పక్కింటివాళ్లు కూడా హీటింగ్ వేసుకుని ఉంటే ఉమ్మడి గోడ గదంత వెచ్చగానే ఉంటుంది, దాని దగ్గర తేమ అదే 60 శాతం. మంచి ఇన్సులేషన్ ఉన్న బయటి గోడ లోపలి ముఖం 19 డిగ్రీలు, తేమ 64 శాతం లోపే. పాత 9 అంగుళాల గోడ, ముందు ఏ అడ్డూ లేనిచోట, సుమారు 14.5 డిగ్రీలు, తేమ 85 శాతం. అదే గోడ మూలలో సుమారు 12 డిగ్రీలు, తేమ నూరు శాతం. నిండుగా సర్దిన బీరువా వెనక 8 డిగ్రీల దాకా దిగవచ్చు. అక్కడ గది తేమను 50 శాతానికి తగ్గించినా నీరు చేరడం ఆగదు. బయట సున్నా కాకుండా 5 డిగ్రీలే ఉన్నా, బీరువా వెనక 11 డిగ్రీలు. అప్పుడు 50 శాతం గాలి కూడా అక్కడ 89 శాతానికి చేరి బూజుకు అనువవుతుంది.

మరి వంట సంగతి?

ఓనరు వాదనలోని నిజాన్ని తోసిపుచ్చలేం. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, ఉతుకు అన్నీ కలిసి రోజుకు 10 నుంచి 15 లీటర్ల నీటిని గాలిలోకి వదులుతాయని అంచనా. నిద్రపోతున్న మనిషి ఒక్కడే గంటకు 40 గ్రాముల దాకా వదులుతాడు. ఒక మెషీను తడిబట్టలు గదిలో ఆరేస్తే రెండు లీటర్లు. గొట్టంలో వచ్చే గ్యాసు మండినా నీరే పుడుతుంది. ఘనమీటరు సహజవాయువు మండితే లీటరున్నర నీరు ఆవిరిగా వస్తుంది, గిన్నెలో ఏమీ లేకపోయినా సరే. మూతపెట్టకుండా గంటసేపు మరిగే సాంబారు, చిన్న గదిలో ఇద్దరు ముగ్గురు పడుకోవడం, రేడియేటర్ మీద జీన్సు ప్యాంట్లు, ఇవన్నీ గోడకు పరీక్షే.

అయితే పై లెక్కను మళ్లీ చూడండి. అదే మనుషులు, అదే వంట, అదే 60 శాతం తేమ. కొత్త గోడ దగ్గర 64 శాతం, పాత గోడ దగ్గర 85. ఒకే జీవనశైలి ఒక ఇంట్లో బూజుపట్టించి ఇంకో ఇంట్లో పట్టించకపోతే, తేడా తెచ్చింది జీవనశైలి కాదు. ఊపిరి పీల్చడం, అన్నం వండుకోవడం, స్నానం చెయ్యడం ఇంటి దుర్వినియోగం కిందికి రావు, ఇల్లు కట్టుకునేదే వాటికోసం. ఇంగ్లండ్‌లో సామాజిక గృహాల ఫిర్యాదులు వినే హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021 అక్టోబరులో చెమ్మ, బూజు మీద ఇచ్చిన నివేదికకు ‘ఇట్స్ నాట్ లైఫ్‌స్టైల్’ అనే పేరు పెట్టడంలో ఉద్దేశం అదే. అంతకుముందు ఏడాది, 2020 డిసెంబరులో, రోచ్‌డేల్‌లో రెండేళ్ల అవాబ్ ఇషాక్ ప్రాణం పోయింది. ఇంట్లో బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాససంబంధ జబ్బే కారణమని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. బూజు గురించి తండ్రి మొదట చెప్పినప్పుడు దానిమీద రంగు వేసుకోమన్నారు. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదని బూజుకు ఏ హద్దూ అది గీయలేదు.

వాదనకు రెండో వైపు కూడా ఒప్పుకోవాలి. గది తేమ 75 శాతానికి చేరి అక్కడే నిలిస్తే ఎంత మంచి గోడైనా చేతులెత్తేస్తుంది. అప్పుడు 18.5 డిగ్రీల గోడ దగ్గర కూడా 80 దాటుతుంది. ఇద్దరికని కట్టిన ఇంట్లో ఆరుగురుంటే జరిగేది ఇదే. కాబట్టి ఇంట్లోవాళ్ల వంతు పని ఉంది.

వానలో కిటికీ తీయొచ్చా?

మన ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఒంటికి పట్టిన అలవాటు ఒకటుంది, బయట ముసురు పడితే కిటికీలు మూయడం. విజయవాడలోనో విశాఖలోనో అది సరైనదే. ఆగస్టులో 30 డిగ్రీల గాలి 80 శాతం తేమతో ఉంటే ఘనమీటరుకు 24 గ్రాముల నీరు మోస్తుంది, తలుపు తీస్తే ఆ తేమంతా లోపలికొస్తుంది. ఏసీ గదికీ పక్క గదికీ మధ్యనున్న గోడకు, ఏసీ లేనివైపు వానాకాలంలో బూజు పట్టడం చూస్తుంటాం. ఏసీ చల్లబరిచిన గోడను ఈ గాలి తాకి చెమర్చడమే దానికి కారణం. అక్కడ తేమ బయటిది, చలి లోపలిది. ఇంగ్లండ్ చలికాలంలో రెండూ తారుమారవుతాయి. బయట 5 డిగ్రీలు, సన్నటి వాన, తేమ 90 శాతం అనుకుందాం. ఆ గాలిలో ఉన్న నీరు ఘనమీటరుకు 6 గ్రాములే. అది గదిలోకొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 35 శాతానికి పడిపోతుంది. చిత్తడిగా కనబడే ఆ గాలే ఇంట్లోకి రాగల అతి పొడిగాలి.

కిటికీ తీస్తే వేడంతా పోతుంది, బిల్లు కట్టేదెవరన్నది సహజమైన అభ్యంతరం. లెక్కేస్తే భయం తగ్గుతుంది. మామూలు పడకగదిలో 30 ఘనమీటర్ల గాలి ఉందనుకుంటే దాని బరువు 36 కిలోలు. ఆ గాలినంతా 5 డిగ్రీల నుంచి మళ్లీ 20కి తేవడానికి పట్టేది 0.15 యూనిట్ల శక్తి, కెటిల్‌లో లీటరున్నర నీళ్లు మరిగించేంత. గది వేడిలో గాలి వాటా చాలా కొంచెం, అసలు నిల్వ గోడల్లో ఉంటుంది. కాబట్టి రెండువైపులా కిటికీలు బార్లా తీసి పది నిమిషాల్లో మూసేస్తే గోడలు చల్లారవు. రోజంతా ఒక కిటికీని వారగా తీసి వదిలేస్తే మాత్రం దాని చుట్టుపక్కల గోడ చల్లారి కొత్త బూజుకు చోటిస్తుంది.

అయితే కిటికీ మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు, ఈ విషయంలో ప్రచారంలో ఉన్న సలహా కాస్త అతి. అలా ఒకసారి గాలి మార్చితే బయటికి పోయే నీరు 130 గ్రాముల చుట్టుపక్కలే. ఇద్దరు పడుకున్న గదిలో ఒక రాత్రి చేరేది 600 గ్రాముల పైమాట. మిగిలింది పరుపుల్లో, బట్టల్లో, గోడ పూతలో దాక్కుని, కిటికీ మూయగానే మెల్లగా గాలిలోకి తిరిగొస్తుంది. అందుకే నిరంతరం కొద్దికొద్దిగా గాలి మారే ఏర్పాటు ముఖ్యం. కిటికీ చట్రం పైన సన్నటి గాలి సందులుంటాయి. చలని వాటికి టేపు అంటించేవాళ్లు ఎందరో. ఆ టేపు పీకెయ్యాలి.

ఇంకా ముఖ్యమైంది ఆవిరిని పుట్టినచోటే పట్టి బయటికి తోయడం. ఇంగ్లండ్ భవన నిబంధనల ప్రకారం స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాను సెకనుకు 15 లీటర్ల గాలిని లాగాలి, అంటే గంటకు 54 ఘనమీటర్లు. ఆవిరి దట్టంగా ఉన్నంతసేపు అది గంటకు అర లీటరుకు పైగా నీటిని బయటికి పంపే వేగం. కిటికీతో అయ్యే పని కాదు. ఫ్యాను చప్పుడు చేస్తున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు, ఏళ్ల దుమ్ము పేరుకుని ఊరికే తిరుగుతుండవచ్చు. ఒక పొర టిష్యూ కాగితాన్ని దాని జాలీకి పెడితే అంటుకుని నిలవాలి. జారిపడితే శుభ్రం చెయ్యాలి, లేదా ఓనరు మార్చాలి. స్నానం ముగిశాక పావుగంట నడవనివ్వాలి, తలుపు మూసే ఉంచాలి. తలుపు తెరిస్తే స్నానాలగది త్వరగా ఆరుతుంది, నిజమే. ఆ ఆవిరి ఎక్కడికి పోయిందని అడగాలి. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి పోతుంది. డబ్బు ఆదా కోసం హీటింగ్ కట్టేసిన పడకగది ఏదైనా ఉంటే, ఇంటిల్లిపాది ఆవిరీ రాత్రికి అక్కడ నీరవుతుంది.

వేడి, తేమ లాగే యంత్రం, తుడుపు

హీటింగ్ ఎక్కువ వేసుకోవాలన్న సలహాలో ఒక మెలిక ఉంది. గట్టి ఇటుక గోడ చదరపు మీటరుకు 350 కిలోలకు పైగా తూగుతుంది. సాయంత్రం గంటసేపు హీటింగ్ వేస్తే గదిలోని 36 కిలోల గాలి చకచకా వేడెక్కుతుంది. గోడకు ఆ కబురు అందేలోపే ఆపేస్తాం. మధ్యలో వెచ్చటి గాలి బట్టల నుంచి, పరుపుల నుంచి మరింత ఆవిరిని లాగి, హీటింగ్ ఆగగానే చలిగోడకు అప్పజెబుతుంది. గోడ దృష్టితో చూస్తే, కాసేపు 23 డిగ్రీలకు ఎగదోసి ఆపేయడం కన్నా రోజంతా 17, 18 దగ్గర నిలకడగా ఉంచడం మేలు. చేతిలో డబ్బులేనప్పుడు ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుందని ఒప్పుకోవాలి. పొగగొట్టం లేని గ్యాసు హీటరు మాత్రం తేవొద్దు, అది వేడితోపాటు నీటినీ గదిలోకే వదులుతుంది.

గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్‌ను చాలామంది దుబారా అనుకుంటారు. అది తాగే కరెంటంతా చివరికి గదిలోనే వేడిగా మిగులుతుంది, పైగా ఆవిరి నీరైనప్పుడు లీటరుకు దాదాపు 0.7 యూనిట్ల వేడి తిరిగొస్తుంది. ఫ్రిజ్ లాంటి కంప్రెసరు ఉన్నవి 15 డిగ్రీలకు దిగువన నీరసిస్తాయి. చలిగదికి తేమ పీల్చే పదార్థంతో పనిచేసే రకం నయం. బట్టలు గదిలో ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో ఆరేసి, తలుపు మూసి, యంత్రాన్ని అక్కడే నడపాలి.

బూజును తుడవడం గురించి రెండు మాటలు. పొడి చీపురుతోనో బ్రష్షుతోనో రుద్దితే బీజాలు గదంతా ఎగురుతాయి. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, బూజునాశని కలిపిన తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారెయ్యాలి. బ్లీచింగ్ మచ్చ రంగును మాయం చేస్తుంది, అంతమాత్రాన బూజు వేరు పోయినట్టు కాదు. బూజు పట్టని రంగు కొన్నాళ్లు ఆపుతుంది, గోడను ఒక్క డిగ్రీ కూడా వెచ్చబరచదు.

గోడను వెచ్చబరచడం

ఇందులో మొదటి పని ఉచితం. బీరువాను బయటి గోడ నుంచి తీసి ఉమ్మడి గోడకో లోపలి గోడకో మార్చడం. పై లెక్కలో బీరువా వెనక 8 డిగ్రీలున్న చోటు, బీరువా తీయగానే 14.5కు చేరుతుంది. ఇంత లాభం ఏ యంత్రమూ ఇవ్వదు. మార్చే చోటు లేకపోతే అరచేయి పట్టేంతైనా సందు వదిలి, కింద కాళ్లు ఎత్తుచేసి గాలి కిందినుంచి పైకి పారేలా చూడాలి. మంచం తలవైపు చెక్క, గోడకు చేర్చి పేర్చిన సూట్‌కేసులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

తర్వాతది గోడ లోపలి ముఖానికి పలచని పొర. 10 మిల్లీమీటర్ల కార్క్ పలక అంటిస్తే, 14.5 డిగ్రీల గోడ ముఖం 16 దాటుతుంది. రెండు డిగ్రీలేగా అనిపించవచ్చు. గది తేమ 60 శాతమే ఉన్నా గోడ దగ్గరి తేమ 85 నుంచి 75కు దిగి బూజు గీతకు కిందికి వస్తుంది. లోపలినుంచి మందంగా ఇన్సులేషన్ వేస్తే ఇంకా వెచ్చదనం వస్తుంది గానీ, పని తెలియనివాళ్ల చేతిలో అది కొత్త రోగం. లోపలి పొర వెచ్చగా ఉన్నకొద్దీ దాని వెనకనున్న ఇటుక మరింత చల్లారుతుంది. ఎక్కడో స్విచ్‌బోర్డు పక్క సందులోంచి ఆవిరి వెనక్కి దూరితే కంటికి కనబడకుండా అక్కడ నీరవుతుంది. ఇటుకలో కూర్చున్న దూలాల కొసలు కుళ్లేదాకా సంగతి బయటపడదు. అందుకే పాత ఇళ్లకు ఆవిరిని కొంత పీల్చి వదలగల చెక్కపీచు పలకలు, సున్నపు పూత వాడమంటారు. సగం గోడకు వేసి సగం వదిలితే బూజు ఆ వదిలిన సగానికి మకాం మారుస్తుంది.

సిద్ధాంతరీత్యా అన్నిటికన్నా మంచిది బయటినుంచి కప్పడం. ఇటుక మొత్తం వెచ్చటి వైపుకు వచ్చేస్తుంది, మూలలూ చుట్టబడతాయి. చేసే తీరు చెడితే మాత్రం వాననీరు పొర వెనక చిక్కుకుంటుంది. బ్రిటన్‌లో రెండు ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతానికి సరిచేయక తప్పని పెద్ద లోపాలున్నాయని జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 అక్టోబరులో ప్రకటించింది. గోడను వెచ్చబరచాలన్న సూత్రం తప్పని దీనివల్ల తేలదు. పని సరిగా చేయలేదని తేలుతుంది.

ఈ ఇన్సులేషన్ పనులేవీ అద్దెకున్నవాళ్ల చేతిలో లేవు. చట్టం మాత్రం వాళ్లవైపు కదులుతోంది. అవాబ్ పేరు మీద వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో సామాజిక గృహాలకు అమల్లోకి వచ్చాయి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు మీద ఫిర్యాదు వస్తే 10 పనిదినాల్లో పరిశీలించాలి, అత్యవసరమైతే 24 గంటల్లో స్పందించాలి. ప్రైవేటు అద్దె ఇళ్లకు కూడా వీటిని వర్తింపజేసే వీలు 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం కల్పించింది. ఈలోగా వాదన గెలవాలంటే ఫొటోలొక్కటే చాలవు, ఓనరు కూడా తడిబట్టల ఫొటో చూపగలడు. బూజు పట్టినచోట గోడ వేడి ఎంత, గది మధ్య వేడి ఎంత, తేమ ఎంత, అప్పుడు హీటింగ్ నడుస్తోందా, బయట ఎంత చలి, ఈ అయిదూ తేదీతో సహా రెండు మూడు వారాలు రాసిపెట్టాలి. గోడకు గురిపెట్టి చూసే చిన్న థర్మామీటరు, తేమ మీటరు రెండూ మామూలు దుకాణాల్లో దొరికేవే. గది 20 డిగ్రీలు, తేమ 55 శాతం ఉండగా మూల 9 డిగ్రీలు చూపిస్తే, అక్కడ నీరు చేరకుండా ఎవరూ వండలేరు, ఎవరూ ఊపిరి పీల్చలేరు. అదే గోడ 18 చూపిస్తూ తేమ 75 ఉంటే, అప్పుడు ముందు చూడాల్సింది ఫ్యానునీ, ఆరేసిన బట్టల్నీ, ఇంట్లో ఉంటున్న మనుషుల సంఖ్యనీ.